సాగు ఆపేసిన పొలాన్ని అడవికి వదిలేయడం: పనా, పని ఎగ్గొట్టడమా?

తూనీగ
మేం పద్నాలుగు కుటుంబాలం కలిసి సాగు ఆగిపోయిన పదకొండు ఎకరాలు కొని మూడేళ్లయింది. పక్షులకీ పురుగులకీ చిన్నాచితకా జంతువులకీ కాస్త చోటివ్వాలి, చుట్టుపక్కల బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపించాలి, ఇంతే మా ఉద్దేశం. దున్నలేదు, మందు కొట్టలేదు, పల్లంలో ఒక కుంట మాత్రం తవ్వించాం. మొదటి ఏడాది మొత్తం కలుపే. రెండో ఏడు నడుమెత్తు గడ్డి. ఇప్పుడు గట్ల వెంబడి ముళ్లపొదలు లేచాయి, వాటిలో పిట్టలు గూళ్లు పెడుతున్నాయి.

గొడవేంటంటే మాలో సగం మంది ఇక చాలు, గుంతలు తీసి మొక్కలు నాటేద్దాం అంటున్నారు. మిగతా సగం (నేనూ అందులోనే) ముట్టుకోవద్దు అంటున్నాం. ఇంగ్లండ్‌లో నెప్ అనే ఎస్టేటు ఉంది, బంకమట్టి నేల, ఎంత దున్నినా నష్టమే వస్తుంటే 2001 నుంచి సాగు మానేస్తూ వచ్చి వదిలేశారు. ఆ దేశంలో కరువైపోతున్న నైటింగేళ్లు, టర్టిల్ డవ్‌లు ఇవాళ అక్కడ ఉన్నాయి. 2020లో వైట్ స్టార్క్ కొంగలు గూడు కట్టి పిల్లల్ని లేపాయి. మీరేమంటారు, వదలాలా, నాటాలా?

మూడోతరం_రైతు
దానికి ఎప్పటినుంచో పేరుంది మేడమ్. బీడు. కొత్తగా మీరు కనిపెట్టిందేమీ లేదు. పొలం బీడు పెట్టుకున్నవాడి ముఖం చూడ్డానికి కూడా చుట్టుపక్కల రైతులు ఇష్టపడరు, ఎందుకంటే వాడి పొలంలో పూసిన కలుపు గాలికి లేచి పక్కవాడి చేలో పడుతుంది, ఏరుకునేది పక్కవాడే. అదే బీడుకి ఒక బోర్డు తగిలించి నలుగురు పిల్లల్ని తిప్పితే అడవి అయిపోతుందా? మూడేళ్లలో అడవి రాదు. ముందు దాన్ని బీడు అని ఒప్పుకోండి, తర్వాత వదలాలా నాటాలా మాట్లాడదాం.

పిచ్చుకగూడు
పిల్లల్ని తిప్పుతున్నారు సరే, పాముల సంగతేంటి?

తూనీగ
@పిచ్చుకగూడు బాట మీద గడ్డి కోస్తాం, బూట్లు లేకుండా లోపలికి రానివ్వం.
@మూడోతరం_రైతు బీడు అంటే ఎవరూ పట్టించుకోని నేల. మేం ప్రతి వారం వెళ్తున్నాం, ఏ పిట్ట వచ్చింది, ఏ మొక్క లేచింది రాసుకుంటున్నాం. రెండూ ఒకటెలా అవుతాయి?

మూడోతరం_రైతు
నోటుబుక్కులో రాసుకుంటే బీడు బీడు కాకుండా పోతుందా.

ఇంకో మాట. నెప్ నెప్ అంటున్నారు కదా, అది ఎంతో రాయలేదేం? 3,500 ఎకరాలు. పదకొండు కాదు. పైగా ఆ యజమానికి తాతల నుంచి వచ్చిన ఎస్టేటు. "వదిలేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, వాళ్లు వదిలేయలేదు మేడమ్, ఆవుల్ని తోలారు, పందుల్ని తోలారు, గుర్రాల్నీ దుప్పుల్నీ తోలారు. అవి మేసి, తవ్వి, తొక్కితేనే అక్కడ ఆ పొదలూ ఆ పిట్టలూ. మంద పెరిగిపోతే తగ్గిస్తారు, ఆ మాంసం అమ్ముకుంటారు. దాన్ని మా భాషలో పశుపోషణ అంటారు. కలుపు గురించి పక్క రైతులు వాళ్లనీ తిట్టారు, రాగ్‌వర్ట్ అనే పచ్చపూల మొక్క తింటే పశువులకి విషం. నేనూ చదువుతాను.

తూనీగ
చదివితే మిగతాది కూడా చదివే ఉంటారు. 2009లో అక్కడ క్రీపింగ్ థిజిల్ అనే ముళ్ల కలుపు ఎకరాలకి ఎకరాలు కమ్మేసింది, మందు కొట్టకుండా ఆగారు, ఆ ఏడాది పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకలు లక్షల్లో వలస వచ్చి దాని మీదే గుడ్లు పెట్టాయి, గొంగళిపురుగులు ఆ కలుపుని నమిలేశాయి. ఆగడం కూడా పనేనండీ.

సాయంత్రంగాలి
ఎప్పుడూ ఇంగ్లండేనా, ఉష్ణమండలంలో ఎవరూ చేయలేదా

నేలగుణం
నేను మట్టి పరీక్షల పనిలో ఉన్నాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుగైతే దాటేయండి.

ఇద్దరూ "వదలడం" అనే మాట పట్టుకుని లాగుతున్నారు. అసలు అడగాల్సినవి రెండు. ఒకటి, పక్కన ఏముంది. ఇంగ్లండ్‌లోనే మాంక్స్ వుడ్ అనే పాత అడవి పక్కన ఒక బార్లీ పొలాన్ని 1961లో వదిలేశారు, నాలుగు హెక్టార్లు, ఒక్క మొక్క కూడా నాటలేదు. ఇప్పుడది అడవి. చెట్లలో దాదాపు సగం ఓక్‌లే. నాటిందెవరయ్యా అంటే జే అనే కాకిజాతి పక్షి, ఎలుకలు. తిండికోసం గింజలు పాతిపెట్టుకుని మరిచిపోయాయి. మొదట్లో లేచిన ముళ్లపొదలే ఆ మొలకలకి కంచె, జింకలూ కుందేళ్లూ కొరకలేకపోయాయి. కాబట్టి తూనీగ గారూ, మీ గట్ల మీద ముళ్లు చూసి గుంపులో ఎవరైనా కత్తి తీస్తే ఆపండి. కానీ ఆ పొలం పక్కన పాత అడవి ఉందని మరవొద్దు. చుట్టూ పదిమైళ్లు దుక్కినేలే ఉంటే గింజ ఎవరు తెస్తారు?

రెండోది, నేలలో ఏముంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం సీడర్ క్రీక్‌లో ఎప్పుడెప్పుడో సాగు వదిలేసిన పొలాలు పక్కపక్కనే ఉన్నాయి, కొన్ని ఏడాది కిందట వదిలినవి, కొన్ని తొంభై ఏళ్ల కిందటివి. 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం వదిలేసిన 91 ఏళ్లకి కూడా అక్కడి మొక్కల వైవిధ్యం ఎన్నడూ దున్నని నేలతో పోలిస్తే 73 శాతం దగ్గరే ఆగింది, ఏటా పెరిగే పచ్చదనం సగానికి కాస్త పైన. ఏళ్ల తరబడి వేసిన భాస్వరం నేలలో ఉండిపోతుంది, బలం ఎక్కువైన చోట రెండు మూడు మొండి గడ్డిజాతులే పైకి లేచి మిగతావాటిని తొక్కేస్తాయి. అడవిపూలకి పేద నేల కావాలి. ఇది రైతులకి చెబితే నవ్వుతారు గానీ నిజం.

అందుకని నా మాట: పదకొండు ఎకరాల్నీ ఒకే రకంగా చూడకండి. మట్టి పరీక్ష చేయించండి, గింజ రాని వైపు నాటండి, వచ్చే వైపు వదలండి.

మూడోతరం_రైతు
చూశారా, "నాటండి" అన్నాడు. అంటే వదిలేస్తే పని జరగదనేగా.

తూనీగ
"వచ్చే వైపు వదలండి" అని కూడా అన్నారు. మీకు కావలసిన సగమే చదువుతారా?

బడిగంట
నేను టీచర్ని. సాయంత్రంగాలి అడిగినదానికి: కోస్టారికాలో గ్వానకాస్టే ఉంది. అక్కడ అడవి కొట్టి పశువుల మేత పొలాలు చేశారు, ఆఫ్రికా నుంచి తెచ్చిన జరాగువా అనే గడ్డి వేశారు. అది ఎండితే ఏటా తగలబడేది, మంట ఉన్నంతకాలం చెట్టు లేవదు. డేనియల్ జాన్‌జెన్ అనే జీవశాస్త్రవేత్తా ఆయన తోటివాళ్లూ 1980ల మధ్య నుంచి ముందు మంటలు ఆపారు, గడ్డి తగ్గించడానికి కొన్నాళ్లు ఆవుల్నే మేపారు. గాలీ పక్షులూ జంతువులూ గింజలు తెచ్చాయి. నాకు నచ్చింది అది కాదు, చుట్టుపక్కల బడుల పిల్లలకి అక్కడ అడవిలోనే జీవశాస్త్రం క్లాసులు పెట్టారు, ఏదో పిక్నిక్‌లా ఒక్కరోజు కాదు, ఏళ్ల తరబడి, చదువులో భాగంగా.

నేనూ పోయిన ఏడాది మా పిల్లల్ని ఇలాంటి ఒక చోటికి తీసుకెళ్లాను. పాత పొలమే. ఒక పిల్లాడు పేడపురుగు ఉండ దొర్లించడం చూస్తూ అరగంట కూర్చున్నాడు, క్లాసులో అయిదు నిమిషాలు కుదురుగా ఉండడు వాడు. గైడ్ కూడా బాగా చెప్పాడు, రైతులు మందులు కొట్టి చంపేసిన నేలని మేం మళ్లీ బతికించాం అని. ఆ మాట పిల్లల మనసులో పడిపోయింది, తర్వాత వ్యాసాల్లో అందరూ అదే రాశారు.

మూడోతరం_రైతు
బాగా చెప్పాడు అంటున్నారా.

సరే నా సంగతి చెప్తాను. మా పొలాన్ని ఆనుకుని ఉన్న భూమిని ఒక గుంపు ఇలాగే అడవికని తీసుకుంది, పేరు చెప్పను. రెండో ఏడాదికల్లా పొదలు. పొదల్లోకి అడవిపందులు. కోతకి పది రోజుల ముందు రెండు రాత్రుల్లో నా చేను దున్నేసినట్టు చేశాయి. వెళ్లి అడిగితే ఒకాయన నవ్వుతూ "సార్, ప్రకృతి తిరిగొస్తోంది" అన్నాడు. ఆదివారం కారేసుకుని వచ్చేవాడికి ప్రకృతి తిరిగొస్తుంది, మళ్లీ కారెక్కి వాడూ తిరిగిపోతాడు. రాత్రంతా డబ్బా కొడుతూ గట్టు మీద కూర్చునేది నేను. దీనికి సమాధానం చెప్పండి ముందు.

తూనీగ
మీ నష్టానికి బాధగా ఉంది, నిజంగా. కానీ ఆ పందులు ఆ పొదల్లోంచే వచ్చాయని ఎలా తెలుసు? అవి రాత్రికి మైళ్లు తిరుగుతాయి. ఆ భూమి ఎంత ఉంటుంది?

మూడోతరం_రైతు
తొమ్మిదెకరాలు.

తూనీగ
తొమ్మిదెకరాల్లో పందుల మంద కాపురముండడం కష్టం, పగలు పడుకుని ఉండొచ్చు అంతే.

మూడోతరం_రైతు
పగలు పడుకోవడానికి మీరు పక్క వేశారు, రాత్రి తినడానికి నేను విస్తరి వేశాను. బాగుంది లెక్క. అడుగుల జాడ ఎటునుంచి వచ్చిందో చూడ్డం వచ్చు మేడమ్ నాకు, దానికి నోటుబుక్కు అక్కర్లేదు.

పిచ్చుకగూడు
కంచె వేస్తే సరిపోదా

మూడోతరం_రైతు
వేశారుగా నెదర్లాండ్స్‌లో, ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అని. గుర్రాలూ ఆవులూ దుప్పులూ లోపల పెట్టి కంచె వేసి ప్రకృతి చూసుకుంటుందిలే అన్నారు. 2017-18 చలికాలంలో మూడు వేల పైన చచ్చాయి, ఎక్కువ భాగం ఆకలితో ఎలాగూ బతకవని కాల్చినవే. జనం కంచె మీదనుంచి గడ్డి విసిరారు. వదిలేయడం అంటే అది.

నేలగుణం
చిన్న సవరణ, అది పాత పొలం కాదు. సముద్రాన్ని తోడి ఆరబెట్టిన నేల, పరిశ్రమలకని 1968లో తేల్చింది.

మూడోతరం_రైతు
చచ్చినవి గుర్రాలే కదా? సముద్రమైతే ఏంటి పొలమైతే ఏంటి?

తూనీగ
మేం గుర్రాలూ పెట్టలేదు కంచే వేయలేదు. మా మీద ఎవరి కోపమో చూపిస్తున్నారు. అసలు మీకు కావలసిందేంటి, ఎవరూ ఎక్కడా ఒక్క ఎకరం కూడా వదలకూడదా? ప్రతి అంగుళం దున్నాలా? పిచ్చుకలు పోయాయి, తేనెటీగలు పోయాయి అని ఏడ్చేదీ రైతులే, నాలుగు పొదలు లేస్తే గొడ్డలి తెచ్చేదీ రైతులే.

మూడోతరం_రైతు
ఇదిగో వచ్చింది అసలు మాట. రైతులే. పురుగుల మందు డబ్బా నేను తయారుచేశానా? ఆ డబ్బా మీద ఏం రాసుందో చదివి చెప్పే దిక్కు లేకపోతే అమ్మేవాడు ఎంత కొట్టమంటే అంత కొట్టాం. మీరు చవగ్గా తిన్నారు. ఇప్పుడు చేతులు కడుక్కుని మీరు పర్యావరణం, మేం హంతకులం.

తూనీగ
నేను ఆ మాట అనలేదు. లేనిది నా నోట్లో పెట్టకండి.

మోడరేటర్
ఇద్దరూ కాస్త ఆగండి. వ్యక్తిగతంగా వెళ్తే చర్చ మూసేస్తాను.

సాయంత్రంగాలి
మూసేయకండి, ఇప్పుడే బాగుంది

బడిగంట
రైతు గారూ, నా పోస్టు దగ్గర్నుంచే మీరు మారిపోయారు. నా మాటలో తప్పేదైనా ఉంటే చెప్పండి.

మూడోతరం_రైతు
(మర్నాడు పొద్దున)
రాత్రి రాయలేదు. రాస్తే ఇంకేదో రాసేవాణ్ణి.

నేను చెప్పిన ఆ తొమ్మిదెకరాలు మావే. మా నాన్నవి. ఆయన పోయాక అప్పులకి అమ్మాను, కొన్నవాడు ఆ గుంపుకి అమ్మాడు. పందుల సంగతి నిజమే, అబద్ధం చెప్పలేదు. కానీ నష్టం ఒక పంటది, పోతే పోయింది, అది మరిచిపోయినవాణ్ణే.

గేటు దగ్గర వాళ్లు ఒక బోర్డు పెట్టారు. పెద్దది, బొమ్మలతో. మొదటి వాక్యం "ఇది ఒకప్పుడు పనికిరాని బంజరు నేల" అని. మా నాన్న అందులో ముప్పై ఎనిమిదేళ్లు చేశాడు. రాళ్లు ఏరి గట్టు కట్టాడు, ఇప్పుడు పిల్లలు ఎక్కి ఫోటోలు దిగేది ఆ గట్టే. మా పిల్ల వాళ్ల బడితో అక్కడికి వెళ్లొచ్చి ఆ వాక్యం పుస్తకంలో రాసుకుంది. తాత పొలం అదేనని దానికి తెలీదు, నేనూ చెప్పలేదు. మీ గైడ్ చెప్పిన మాట అదే బడిగంట గారూ. అంతే.

వదలండి, నాటండి, మీ ఇష్టం.

బడిగంట
ఏం రాయాలో తెలియట్లేదు. మా పిల్లల వ్యాసాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ముప్పై మంది రాశారు ఆ వాక్యం, నేను ముప్పైకీ టిక్కు పెట్టాను.

పిచ్చుకగూడు
అన్నా..

నేలగుణం
రైతు గారూ, ఓదార్పు కోసం కాదు, మట్టి గురించే ఒకటి చెప్తాను, నిన్ననే చెప్పాల్సింది.

ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడ రెండు ముక్కలు వదిలేశారు. బ్రాడ్‌బాక్ అనే చేలో 1882లో గోధుమ కోయకుండా అర ఎకరం, గీస్‌క్రాఫ్ట్ అనే చేలో 1886 నుంచి ఇంకో ముక్క. ఒకే క్షేత్రం, ఒకే వాన, వదిలిన కాలం దాదాపు ఒకటే. రెండూ అడవులయ్యాయి. కానీ వందేళ్ల తర్వాత చూస్తే గీస్‌క్రాఫ్ట్ నేల బాగా ఆమ్లంగా మారిపోయింది, బ్రాడ్‌బాక్ నేల మారలేదు. చెట్ల కింద లేచే మొక్కలు కూడా వేరు. కారణం చెట్లు కాదు, పక్షులు కాదు. అంతకుముందెప్పుడో పేరు కూడా తెలియని రైతులు బ్రాడ్‌బాక్ చేలోకి బండ్ల కొద్దీ సున్నపు సుద్ద తోలి ఉన్నారు. రెండోదానికి అంత పడలేదు. వాళ్లు పోయి శతాబ్దం దాటినా ఏ మొక్క లేవాలో ఇంకా వాళ్లే నిర్ణయిస్తున్నారు.

నేల ఖాళీగా ఉండదు. "బంజరు" అని రాసినవాళ్లు మట్టి పరీక్ష చేయించి ఉండరు. మీ నాన్నగారు ఆ తొమ్మిదెకరాల్లో ఏం వేసేవారు, గుర్తుందా?

మూడోతరం_రైతు
ఎండాకాలం చెరువు పూడిక తోలించేవాడు. ఏటా కాదు, చెరువు ఎండిన ఏడు. పడమటి వైపు చౌడు ఉండేది, అక్కడ జిప్సం. మందలు కట్టించేవాడు, మేకలూ గొర్రెలూ రాత్రికి పొలంలో పడుకునేవి. ఈశాన్యం మూల మాత్రం ఏమీ పండేది కాదు, ఎందుకో తెలీదు, దాన్ని వదిలేసేవాడు. ఆ మూలలో ఎప్పుడూ ఏవో పిట్టలుండేవి. దాన్ని కదపొద్దురా అనేవాడు.

సాయంత్రంగాలి
అంటే ఆయన ముందే వదిలాడు ఒక మూల

తూనీగ
పొద్దున్న ఇది చదివి మా పొలానికి వెళ్లాను. మా బోర్డు నేనే రాశాను మూడేళ్ల కిందట, ఏం రాశానో సరిగ్గా గుర్తులేదు. "సాగుతో నిస్సారమైపోయిన ఈ నేల" అని మొదలైంది. బంజరు అని లేదు, కానీ అదే. ఫోటో తీశాను, ఇక్కడ పెట్టడానికి మనసొప్పలేదు.

మట్టి పరీక్ష చేయించలేదు మేం. నిస్సారం అని ఎలా రాశానో నాకే తెలీదు, అలా రాస్తారు కదా అని రాసేశాను. ఇంకోటి, ఆ పదకొండు ఎకరాలు మాకు అమ్మిన మనిషి సంతకం కాగితాల మీద ఉంది, ఆయనతో నేను ఒక్కసారి మాట్లాడాను, డబ్బు గురించి. కుంట ఎక్కడ తవ్వాలో కూడా అడగలేదు. పల్లం చూసి తవ్వించాం, రెండు వానాకాలాలు నీళ్లు నిలవలేదు.

పందుల దగ్గర అలా అడిగినందుకు సారీ. కానీ వదలడం తప్పు అని మాత్రం నేను ఇంకా ఒప్పుకోవట్లేదు.

మూడోతరం_రైతు
ఒప్పుకోమని నేను అడగలేదు. నేనూ ఒప్పుకోలేదు, అది బీడే.

కుంట అలా నిలవదు. ఆయన్ని పిలిచి ఒక వానకి పొలంలో తిప్పండి, నీళ్లు ఎటు పోతాయో కాలితో గీసి చూపిస్తాడు. ఆయన రానంటే బోర్డు సంగతి చెప్పండి, తిట్టడానికైనా వస్తాడు.

వయ్యారిభామ ఉందా మీ దగ్గర? ఉంటే పూత రాకముందు పీకించండి, చేతికి తొడుగు వేసుకుని, పిల్లల చేత కాదు. అది ఏ పిట్టకీ పనికిరాదు, పక్కవాడి చేలోకి పోతుంది.